ఎవరూ నొక్కని ఏడు

ఆ వసంతకాలమంతా నా ఏప్రాన్ జేబులో ఒక ఫోను మోగుతూ ఉండేది. నాది కాదు, విశ్వవిద్యాలయం వాళ్ళది. ఎప్పుడు మోగుతుందో దానికే తెలియాలి. పక్కదుప్పటి అంచులు రెండు చేతుల్లో పట్టుకుని ఇస్త్రీ రోలరుకు అందిస్తుంటే మోగేది. బన్నుకు వెన్న రాసుకుంటుంటే మోగేది. ఒకసారి పాస్టరు గారు నన్ను చర్చి బయట ఆపి మా అత్తగారి సమాధి మీద పెరిగిన గడ్డి గురించి మందలిస్తుంటే మోగింది. తీసి చూస్తే అడిగేది ఒకటే. ఈ క్షణంలో మీకెలా ఉంది? కింద ఒకటి నుంచి ఏడు దాకా అంకెలు. ఒకటంటే అస్సలు బాగాలేదని, ఏడంటే చాలా బాగుందని.

నేను నాలుగు నొక్కి మళ్ళీ జేబులో వేసుకునేదాన్ని.

మా లాండ్రీలో అందరం నాలుగే నొక్కాం. పన్ను పీకించుకున్న రోజున మాత్రం నాతో పనిచేసే వాసుకి మూడు నొక్కింది. ఆ తర్వాత, ఊరికే రాద్ధాంతం చేశానేమోనని వారమంతా బాధపడింది.

సిగ్నె మా దగ్గరికి వచ్చింది మార్చి మొదట్లో, రోడ్డు పక్కన మంచు ఇంకా మురికి కుప్పలుగా మిగిలి ఉన్నప్పుడు. రాజధాని కోపెన్‌హాగన్ పిల్ల, మాదేమో పడమటి తీరంలో చిన్న ఊరు. పనిచేసే చోట మనుషులు ఎలా ఉంటారు, ఎందుకలా ఉంటారు అన్న దాని మీద పరిశోధన చేస్తోంది. మా యజమాని ఓవె ఆమెను కాఫీ గదిలోకి తీసుకొచ్చి, "ఈ అమ్మాయి సిగ్నె. మనమెలా ఉన్నామో చూడ్డానికొచ్చింది" అన్నాడు. అంతటితో అతని ఉపన్యాసం అయిపోయింది.

మిగతాది సిగ్నె చెప్పింది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా రోజుకు ఎనిమిది గంటలకు బదులు ఆరు గంటలే పని. జీతంలో కోత లేదు. దానివల్ల మనుషుల్లో ఏం మార్పు వస్తుందో ఇప్పటి నుంచే ఈ ఫోన్లతో ఆమె కొలుస్తుంది. చెబుతున్నంతసేపూ కళ్ళు మెరుస్తున్నాయి పాపం. చెప్పడం అయ్యాక మా ముఖాల వైపు చూసింది. మేం కాఫీ కప్పుల వైపు చూస్తున్నాం.

"కూజాలో ఇంకా ఉందా?" అని ఎవరో అడిగారు.

ఆ పిల్ల ముఖం వాడిపోయింది. చూడలేక వాసుకి అంది, "వినడానికి మరీ అంత చెడ్డగా ఏం లేదమ్మాయ్."

ఓవె సంబరంగా తల ఊపాడు. మా వైపు అంతకన్నా పెద్ద చప్పట్లు ఉండవు. సిగ్నె మాత్రం ఆ మాటకు ఇంకాస్త డీలా పడింది.

వెళ్ళే ముందు ఓవె ఒక షరతు చెప్పాడు. "నా తరఫున నేను మూడు నెలలు భరిస్తా. జూన్ ఆఖర్న ఈ అమ్మాయి లెక్కలు చూపిస్తుంది. మీకు మేలు జరిగిందని తేలితే ఇలాగే సాగిద్దాం. తేడా ఏం లేదంటే మళ్ళీ పాత టైములు. సరేనా?"

అది న్యాయమే అన్నాం.

ఇంటికొచ్చేసరికి క్రెస్టెన్ బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాడు. మా ఆయన ముప్పై ఏళ్ళు చేపలు పట్టి బతికినవాడు. అప్పటికి రెండేళ్ళుగా కంటి జబ్బు ఆయన చూపును మధ్యలోంచి తినేసుకుంటూ వస్తోంది. ఎదురుగా చూస్తే నా ముఖం ఉండాల్సిన చోట బూడిదరంగు మచ్చ. కాస్త పక్కకు తిరిగితే నా చెవీ, జుట్టూ కనిపిస్తాయట. అందుకని నాతో మాట్లాడేటప్పుడు కిటికీ వైపు చూసేవాడు. తెలియనివాళ్ళకు మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకున్నట్టు ఉండేది. ఉన్న ఆ కాస్త అంచు కూడా శీతాకాలానికి పనికిరాకుండా పోవచ్చని కంటి డాక్టరు చెప్పింది. దీనికి మందు లేదు.

"ఆరు గంటలా?" అన్నాడు కిటికీతో.

"ఆరే."

రెండు దుంపలు చెక్కాడు. "అయితే మధ్యాహ్నానికే ఇంట్లో ఉంటావు."

"ఉంటాను."

ఇంకో దుంప అయింది. "పడవకు రంగు వెయ్యాలి" అన్నాడు.

కిందటి శరదృతువులో ఒంటరిగా వెళ్ళి, నీళ్ళలో పాతిన గుర్తు కర్రను గుద్దుకుని వచ్చిన రోజు నుంచి ఆయన పడవ మాట ఎత్తలేదు. తీసుకెళ్ళడానికి ఇంకో జత కళ్ళు కావాలి. ఉన్నవి నా కళ్ళే. కానీ ఎనిమిది గంటలు రోలరు దగ్గర నిలబడి వచ్చాక నాకు సోఫా తప్ప ఇంకేం కనిపించేది కాదు. నడుములో మేకు దిగినట్టు ఉండేది. కాస్త తేరుకునే వేళకు వెలుతురు వాలేది, వెలుతురు వాలిందంటే ఆయనకు అంతా పాలలో ముంచినట్టే. మాకు కావలసింది మధ్యాహ్నం. మా ఇద్దరి కాపురంలో ఎప్పుడూ లేనిది అదొక్కటే.

ఏప్రిల్ వచ్చింది. మొదటి వారం ఏం చేయాలో తోచక అందరం లాండ్రీ గేటు దగ్గర నిలబడి ఒకరి ముఖాలొకరు చూసుకున్నాం. సూర్యుడు నడినెత్తిన ఉండగా ఇంటికి పోవడం దొంగతనంలా అనిపించింది. రెండో వారానికి ఎవరి దారి వాళ్ళు పట్టారు. వాసుకి పెరట్లో గాజుపలకలతో ఒక షెడ్డు కట్టించి అందులో వంకాయలు వేసింది. ఆమె శ్రీలంక నుంచి మా ఊరొచ్చి ముప్పై ఏళ్ళు. రోలరు దగ్గర నాకు ఎదురు జత. దుప్పటి కుడి అంచు ఆమెది, ఎడమ అంచు నాది. ఇద్దరం ఒకేసారి విదిలించి ఒకేసారి అందించాలి, లేకపోతే ముడత పడుతుంది. ఇన్నేళ్ళలో మా చేతులు ఒకళ్ళ చేతుల్లా అయిపోయాయి.

పని తక్కువేం కాలేదు. ఈస్టరు వచ్చిందంటే సముద్రం ఒడ్డున ఉన్న అద్దె ఇళ్ళన్నీ సెలవులకొచ్చే జర్మన్లతో నిండిపోతాయి. వాళ్ళ దుప్పట్లు విదిలిస్తే సగం ఇసుక మా బూట్లలోకే వస్తుంది. అయినా ఆ ఆరు గంటల్లోనే అన్నీ తేలిపోయేవి. నడుము నొప్పి మధ్యాహ్నం దాకా వచ్చి, గేటు దగ్గర ఆగిపోయేది.

ఒక రోజు ఫోను ఇద్దరికీ ఒకేసారి మోగింది. ఇద్దరం ఒకేసారి నాలుగు నొక్కాం.

"నువ్వు ఎప్పుడైనా ఏడు నొక్కావా?" అని అడిగాను.

వాసుకి నవ్వింది. "వచ్చిన కొత్తలో నోటితో నొక్కేదాన్ని. ఏం పెట్టినా 'అబ్బ, చాలా బాగుంది' అనేదాన్ని. మీ వంట చాలా బాగుంది, మీ పిల్లలు చాలా బాగున్నారు, మీ ఊరు చాలా బాగుంది. ఒకసారి ఓవె వాళ్ళమ్మ మా ఆయన్ని పక్కకు పిలిచి, 'మీ ఆవిడకు ఒంట్లో ఏమన్నా బాలేదా' అని అడిగింది. అప్పటి నుంచి పర్లేదు అనడం నేర్చుకున్నా."

"ఇప్పుడైతే నొక్కొచ్చుగా. ఆరు గంటలు ఖాయం అవుతాయి."

ఆమె దుప్పటి పట్టుకోవడం ఆపింది. "మన లాభం కోసం ఎక్కువ నొక్కితే అది దొంగతనం కాదూ? ఓవె ముఖం ఎలా చూస్తాం?"

నేనూ అదే అనుకున్నాను. పైగా నాలుగు తక్కువ అంకె అని నాకు తోచనేలేదు. పర్లేదు అంటే మా దగ్గర మంచిమాటే. భోజనానికి పిలిచిన ఇంట్లో రెండోసారి వడ్డించుకుని, చెయ్యి తుడుచుకుని, పర్లేదు అంటే ఆ ఇల్లాలు నెలంతా అదే తలుచుకుంటుంది. విశ్వవిద్యాలయం వాళ్ళు కూడా మా నాలుగులు చూసి సంతోషిస్తూ ఉంటారనే అనుకున్నాను.

మధ్యాహ్నాలు పడవలో గడిచేవి. మా ఫ్యోర్డ్, అంటే నేలలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ, లోతు తక్కువ, మునిగితే లేచి నిలబడొచ్చు. అయినా దారి తప్పితే బురదలో కూరుకుపోతాం. నేను ముందు కూర్చుని గుర్తు కర్రలు చూసేదాన్ని. క్రెస్టెన్ వెనక చుక్కాని పట్టుకునేవాడు. మొదట్లో నేను, "కర్ర, కర్ర" అని అరిచేదాన్ని. "ఏ వైపే తల్లీ, కర్రంటే సరిపోయిందా" అని విసుక్కునేవాడు. "అక్కడ" అనేదాన్ని వేలు చూపించి. ఆ వేలు ఆయనకు కనబడదని గుర్తొచ్చేసరికి కర్ర పక్కనుంచి రాసుకుంటూ పోయేది. ఇలా రెండు వారాలు కొట్టుకున్నాక కుడి, ఎడమ, ఎంత దూరం అని చెప్పడం అలవాటైంది. అంతకుమించి నేను మాట్లాడేదాన్ని కాదు, ఆయనా అడిగేవాడు కాదు.

మే నెలలో ఒక మధ్యాహ్నం గాలి పూర్తిగా పడిపోయింది. ఇంజను ఆపేశాడు. వల లాగితే నాలుగైదు బల్లపరుపు చేపలు పడ్డాయి. రాత్రికి అవి చాలు. నీళ్ళు కదలడం లేదు. చేపల జిగురు కడుక్కుందామని నేను చెయ్యి నీళ్ళలో పెట్టి అలాగే ఉంచేశాను. క్రెస్టెన్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"ఎడమ పక్క చూడు" అన్నాడు ఉన్నట్టుండి. "రెల్లు దగ్గర. తెల్లవి."

చూశాను. గరిటె ముక్కు కొంగలు, ఒక గుంపు. ముక్కులు నీళ్ళలో అటూ ఇటూ ఆడిస్తూ నడుస్తున్నాయి. రెండు కళ్ళూ బాగున్నదాన్ని, నేను చూడనే లేదు. ఆయన చూపు అంచున అవి పడ్డాయి.

"చూశావా" అన్నాడు. "నాకన్నా ముందు చూశావా?"

"లేదు."

నవ్వాడు. చప్పుడు పైకి వచ్చేలా, భుజాలు కదిలేలా నవ్వాడు. ఆ నవ్వు నేను రెండేళ్ళుగా వినలేదు. అంతలో ఫోను మోగింది.

"ఏమంటోంది మీ యూనివర్సిటీ?"

"నాకెలా ఉందని."

"మరెలా ఉంది?"

తడి చెయ్యి స్కర్టుకు తుడుచుకుని ఫోను తీశాను. నా బొటనవేలు ఏడు మీదకు వెళ్ళిన మాట నిజం. వెనక్కి తీసుకున్నాను. ఏడు నొక్కేస్తే, రేపు ఇంతకన్నా బాగున్న రోజు వస్తే ఏం నొక్కుతాను? దానికి చోటు ఉంచాలి కదా. మా అమ్మ దగ్గర ఒక నార బట్ట ఉండేది, అంచులకు తనే కుట్టుపని చేసుకుంది. క్రిస్మసుకు కూడా బల్ల మీద పరిచేది కాదు. ఇంతకన్నా మంచి సందర్భం వస్తుందిలే అనేది. ఆమె పోయాక బీరువాలో మడత విప్పకుండానే దొరికింది.

"నాలుగు" అన్నాను.

"అమ్మో" అన్నాడు క్రెస్టెన్. "అంత బాగుందా?"

టోపీ పెట్టుకుని ఇంజను తిప్పాడు. ఇంటికి చేరేదాకా ఈల వేస్తూనే ఉన్నాడు.

జూన్ చివరి శుక్రవారం సిగ్నె మళ్ళీ వచ్చింది. శుక్రవారాలు మాకు బన్నుల వంతు ఉంటుంది, ఆ వారం వంతు ఓవెది. బేకరీ నుంచి రెండు సంచులు తెచ్చి బల్ల మీద పోశాడు. సిగ్నె ప్రొజెక్టరుతో గోడ మీద ఒక బొమ్మ వేసి చూపించింది. పక్కపక్కనే రెండు దిమ్మెలు. ఒకటి మార్చి నాటిది, రెండోది జూన్ నాటిది. మేం ఇస్త్రీ చేసిన దుప్పటి మడతల్లా రెండూ ఒకే ఎత్తున ఉన్నాయి.

"నేను చాలా ఆశపడ్డాను" అంది సిగ్నె. ఆమె గొంతు నిజంగానే దిగులుగా ఉంది. "పని తగ్గక ముందు మీరు సగటున నాలుగు నొక్కారు. తగ్గాక కూడా నాలుగే. ఒంట్లో బాలేదని పెట్టే సెలవులు కొంచెం తగ్గాయి, కానీ అంత చిన్న తేడాను పట్టుకుని ఏం చెప్పలేం. ఇంట్లో ఎలా ఉంది, నిద్ర ఎలా ఉంది, పని ఎలా ఉంది, అన్నిటికీ అదే నాలుగు."

"అంటే తేడా ఏం లేదన్నమాట" అన్నాడు ఓవె.

"అంకెల్లో లేదు."

ఓవె ఒక్కొక్కరి వైపూ చూశాడు. "సరే మరి" అన్నాడు. "అనుకున్న మాట ప్రకారం జులై నుంచి పాత టైములు."

"కాస్త బాధే" అని కిటికీ దగ్గర నుంచి ఎవరో అన్నారు. మా వైపు ఇల్లు కాలిపోయినా అనేది ఆ మాటే. సిగ్నె దాన్ని కూడా పట్టించుకోలేదు, సంచీలో తీగలు చుట్టి పెట్టుకుంటోంది. కుర్చీలు కదిలాయి. వాసుకి బల్ల మీద రాలిన బన్ను పొడిని అరచేత్తో ఒక దగ్గరికి ఊడుస్తోంది.

నేను కదల్లేదు. జులై, ఆగస్టు, సెప్టెంబరు అని లోపల అనుకుంటున్నాను. సాయంత్రం ఇంటికొస్తాను, సోఫాలో పడతాను, క్రెస్టెన్ కిటికీ వైపు చూస్తూ దుంపలు చెక్కుతాడు. ఆ తర్వాత శీతాకాలం వస్తుంది. వచ్చే వసంతానికి ఆయనకు కొంగలుండవు, నా చెవీ జుట్టూ కూడా ఉండవు. మరి నేను చోటు ఉంచిన ఆ మంచి రోజు ఎప్పుడు వస్తుంది? ఎటునుంచి వస్తుంది? అది వచ్చేసింది. మే నెలలో ఒక మధ్యాహ్నం వచ్చి, మా పడవలో కూర్చుని, వెళ్ళిపోయింది. దానికి నేను నాలుగిచ్చాను.

ఏడుపు వచ్చేదే, కాని ఓవె కాఫీ కూజా పట్టుకుని నా పక్కకొచ్చాడు.

"పోయనా బోడిల్?"

"ఓవె" అన్నాను. "బాగుంది."

"కాఫీయా?"

"కాఫీ కాదు. ఈ వసంతం. బాగుంది."

ఓవె కూజా బల్ల మీద పెట్టాడు. కుర్చీల చప్పుడు ఆగిపోయింది. లేచినవాళ్ళు లేచినట్టే నిలబడ్డారు, ఒకామె కోటు ఒక చెయ్యి తొడుక్కుని రెండోది తొడుక్కోలేదు. ఆ మాట మా లాండ్రీ గోడల మధ్య అంతకు ముందు ఒక్కసారే విన్నాను, ఓవె వాళ్ళ నాన్న పోయినప్పుడు. అంత్యక్రియలయ్యాక ఇక్కడే అందరికీ కాఫీ ఇస్తుంటే ముసలి డ్రైవరొకాయన, "ఆయన మంచివాడు, ఆయన దగ్గర బాగుండేది" అన్నాడు. ఆ ఒక్క ముక్కకు ఓవె బయటికెళ్ళి లారీల మధ్య చాలాసేపు నిలబడ్డాడు.

నా చెవులు కాలిపోతున్నాయి. తల దించుకున్నాను.

సిగ్నె ఒక్కతే ఏం జరిగిందో తెలియక మా వైపు చూస్తోంది. పాపం, ఆమె ఊళ్ళో ఆ మాట బస్సు డ్రైవరుకు కూడా చెబుతారు. మర్యాదగా పెన్ను తీసి, "థాంక్స్ బోడిల్, ఇంకొంచెం వివరంగా చెబుతారా? ఏ విధంగా బాగుంది? ఒకటి రెండు ఉదాహరణలు..." అంది.

"వదిలెయ్ సిగ్నె" అన్నాడు ఓవె. "చెప్పాల్సిందంతా చెప్పేసింది."

వాసుకి పోగుచేసిన పొడి మీద నుంచి చెయ్యి తీయలేదు. "నాకూ అంతే" అంది.

"నాక్కూడా" అన్నారు కిటికీ దగ్గర. ఆ తర్వాత ఇంకొకరు. కోటు సగం తొడుక్కున్నామె తల ఊపి, కూర్చుండిపోయింది.

ఓవె కిటికీలోంచి పార్కింగు వైపు చూస్తూ నిలబడ్డాడు. చెంప గోక్కున్నాడు. "అయితే నూతన సంవత్సరం దాకా ఇలాగే పోనిద్దాం" అన్నాడు. "నష్టమొస్తే అప్పుడు చూసుకుందాం. బన్నులు మిగిలాయి, ఎవరన్నా ఇంటికి పట్టుకుపొండి."

సిగ్నె బయట నా సైకిలు దగ్గర కాచుకుని ఉంది. నెలల తరబడి చేసిన పని మీద ఎవరో నీళ్ళు పోసినట్టుంది ఆమె ముఖం.

"బోడిల్, నాకొక్కటి చెప్పండి. అంత బాగుంటే మరి నాలుగెందుకు నొక్కారు?"

ఆమెతో పడవ సంగతి చెప్పాను. కొంగల సంగతి, క్రెస్టెన్ నవ్విన సంగతి, బొటనవేలు ఏడు మీదకు వెళ్ళి వెనక్కొచ్చిన సంగతి. ఒక మనిషితో ఒక్క ఊపున అంత మాట్లాడటం నాకది మొదటిసారి. ఆమె వింటూ మధ్యలో ఒకసారి తల పట్టుకుంది.

"ఏడు ఎవరి కోసం దాచారు మీరంతా?" అంది.

"వాళ్ళ సంగతి నాకు తెలియదు. నేనైతే ఇంతకన్నా మంచి రోజు కోసం."

"ఇది నా వ్యాసంలో రాయలేను. మీరు చెప్పినది ఒక్కరి మాట. నా దగ్గర ఉన్నది వేల నాలుగులు."

"రాయకు" అన్నాను. "వేలల్లో ఉన్నవి తప్పేం కాదు. మేం నొక్కినవే."

ఆమె నవ్విందో ఏడ్చిందో అర్థం కాలేదు. మిగిలిన బన్నులు ఆమె చేతిలో పెట్టాను, రైల్లో తింటుందని. ఆ వ్యాసం తర్వాత ఏడాది అచ్చయింది. పడమటి తీరంలో ఒక చిన్న లాండ్రీలో పని గంటలు తగ్గించినా ఉద్యోగుల మనఃస్థితిలో మార్పు కనబడలేదని ఉంది. ఓవె దాన్ని కాఫీ గదిలో గోడకు అంటించాడు. ఇంకా ఉంది.

నేను ఇంటికి చేరేసరికి క్రెస్టెన్‌కు అంతా తెలిసిపోయింది. మా ఊళ్ళో సైకిలు కన్నా మాట ముందు చేరుతుంది. గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు, ముఖం పక్కకు తిప్పి.

"అన్నావటగా" అన్నాడు.

"అన్నాను."

"అందరి ముందూ?"

"అందరూ ఉన్నారు."

గుమ్మం చెక్క గోటితో గీకాడు. "నా పేరేమన్నా వచ్చిందా మధ్యలో?"

"లేదు. అక్కడైతే రాలేదు."

"హమ్మయ్య" అన్నాడు. కాసేపు పోయాక, ఇంటి వెనక వలలు సర్దుతూ, నాకు వినబడేటంత గట్టిగానే అన్నాడు, "నాకూ అలాగే ఉందిలే ఈ వసంతం. మళ్ళీ మళ్ళీ చెప్పించకు."

ఆ వేసవంతా ఒక్క మధ్యాహ్నం వదల్లేదు మేం. వాన పడినా వెళ్ళాం. డాక్టరు చెప్పిన శీతాకాలం దాకా కూడా ఆగలేదు ఆ జబ్బు. సెప్టెంబరులో ఆయనకు రెల్లు గడ్డి కనబడటం మానేసింది. అక్టోబరుకు అంచులు కూడా మసకబారాయి. ఇప్పుడు నాతో మాట్లాడేటప్పుడు కిటికీ వైపు తిరగాల్సిన పని లేదు, తిన్నగా నా వైపే చూస్తాడు. తెలియనివాళ్ళకు చూడముచ్చటగా ఉంటుంది. నాకు మొదట్లో అది భరించడం చాలా కష్టమైంది.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం, పడవ ఒడ్డుకు లాగేసే ముందు ఆఖరిసారి వెళ్ళాం. గాలి ఏ చెంపకు తగులుతోందో చూసుకుని ఆయన చుక్కాని పట్టాడు. నేను ముందు కూర్చుని కుడి, ఎడమ చెబుతున్నాను. మే నెలలో ఆగిన చోటికి వచ్చాక ఇంజను ఆపమన్నాను.

"ఎలా ఉంది ఇవాళ?" అన్నాడు.

"పర్లేదు."

ఆయన నా వైపు ముఖం తిప్పాడు. "పర్లేదు అంటే నాకేం కనిపిస్తుంది బోడిల్?"

ఇన్నేళ్ళు నేను పర్లేదు అంటుంటే ఆయన తన కళ్ళతో మిగతాది చూసుకున్నాడు. ఇప్పుడు ఆయనకు నా మాట తప్ప ఇంకేం లేదు.

"ఉండు" అన్నాను. గొంతు సవరించుకున్నాను. "నీళ్ళు బూడిదరంగు. కాదు, మొత్తం కాదు. రెల్లు దగ్గర పసుపుగా ఉన్నాయి, రెల్లు ఎండిపోయింది కదా, దాని నీడ. కొంగలు లేవు, వెళ్ళిపోయాయి. బాతులున్నాయి, వందల్లో. ఒకటి అలిగినట్టు మిగతావాటికి దూరంగా ఉంది. చర్చి గోపురం మీద ఎండ పడింది. మబ్బు వస్తోంది, కాని ఇంకా దూరమే. నీ టోపీ మీద చేప పొలుసు ఒకటి అంటుకుంది. మెరుస్తోంది."

ఆయన టోపీ తడుముకోలేదు. "ఇంకా?" అన్నాడు.

ఇంకా చెప్పాను. చెబుతుంటే నాకే కొత్తగా కనబడటం మొదలుపెట్టాయి అన్నీ. చెప్పడానికి ఏం మిగలనంత దాకా చెప్పాను. చాలాసేపు పట్టింది.

"మొత్తం మీద ఎన్ని?" అన్నాడు చివరకు. వేళాకోళంగా అడిగాడు. "ఏడుకు."

"ఏడు."

"అన్నీ ఇచ్చేస్తున్నావే. రేపటికేం ఉంచవా?"

"ఉంచను" అన్నాను.